ఓలి మాట ఎత్తేదెవరు

మ్మాసెగో తన నీలం గౌనుకి గంజి పెట్టిందంటే ఊళ్ళో ఎవరికో మూడిందన్నమాటే. ఆ గౌను ఆవిడ చర్చికి వేసుకుంటుంది, చావింటికి వేసుకుంటుంది, లేదంటే ఊరి తగువులు తీర్చే ఖోట్లాకి వేసుకుంటుంది. ఆ రోజు చూస్తే మంగళవారం. వాడలో ఎవరూ పోయినట్టు కబురు లేదు. తీగ మీద అట్టలా బిగుసుకుపోయి వేలాడుతున్న గౌనును చూసి మనవడు మొదిరి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరు పోయారమ్మమ్మా?" అని అడిగాడు. ఎవరైనా పోయి ఉంటే బాగుండునని ఆ క్షణంలో వాడికి నిజంగానే అనిపించింది.

"ఎవరూ పోలేదు. పోతాడు," అంది మ్మాసెగో, గౌను రెండో చెయ్యి సాగదీస్తూ. "ఎల్లుండి పొద్దున ఆ కెబొనాంగ్ గాణ్ణి ఖోట్లాలో నిలబెడుతున్నా. ఊరి పెద్ద, ఆ ఖోసికి చెప్పొచ్చాను. మీ మామకి కబురెట్టాను. నా మనవడి మీద అంత అబద్ధం కూస్తాడా వాడు? వాడి నోరు పడిపోను!"

"వదిలెయ్యరాదా అమ్మమ్మా. అందరూ మర్చిపోతారులే."

"ఎవరు మర్చిపోతారు? నువ్వు మర్చిపోయావా? అద్దంలో మొహం చూసుకున్నావా ఈ మధ్య? ఎండిన బీరపీచులా అయిపోయావు. వదిలెయ్యాలట!"

మొదిరి లోపలికి నడిచాడు. మాట్లాడితే అసలు సంగతి బయటపడుతుంది. అసలు సంగతేమిటంటే, కెబొనాంగ్ అన్నది అబద్ధం కాదు.

మొలాపోంగ్ వాడలో పెళ్ళంటే పిల్ల ఇంటికి ఓలి కింద ఆవుల్ని తోలాలి, డేరాలో అడుగులుండాలి. పెళ్ళికొడుకు తరఫు కుర్రాళ్ళు, పెళ్ళికూతురి తరఫు అమ్మాయిలు రెండు వరసలుగా నిలబడి, పాటకి తగ్గట్టు అడుగులేస్తూ డేరాలోకి రావాలి. వారాల తరబడి సాయంత్రాలు నేర్చుకుంటారు. ఆ నేర్పేవాడు మొదిరి. పందొమ్మిదేళ్ళవాడే గానీ, ఎడమ కాలికీ కుడి కాలికీ తేడా తెలియని పశువుల కాపరి చేత కూడా అడుగు వేయించగలడు. వాడు లేకపోతే పెళ్ళి వాయిదా వేసుకున్నవాళ్ళున్నారు.

ఇక కెబొనాంగ్ సంగతి. వాడికి సొంత మైకుంది, సొంత స్పీకర్లున్నాయి. పెళ్ళిలో మాట్లాడతాడు, చావులో మాట్లాడతాడు, ఫుట్‌బాల్ ఆటలో మాట్లాడతాడు. ఆ నోటికి ఆదివారం సెలవు లేదు. కానీ వాడి జోకులు పాతబడిపోయాయి పాపం. అత్తగారి జోకు ఊరంతా వాడికంటే ముందే చెప్పేస్తోంది. మొన్న సెప్టెంబరు పెళ్ళిలో మొదిరి నేర్పిన వరస డేరాలోకి వచ్చేసరికి జనం కుర్చీలెక్కి ఈలలేశారు. మైకులో కెబొనాంగ్ ఏమంటున్నాడో ఒక్కడు వింటే ఒట్టు. అది వాడికి ఎక్కడో కాలింది.

అప్పుడు స్పీకరు గొంతు పెంచి అన్నాడు: "ఆగండాగండి! పెళ్ళికూతురు ఆవిడ కాదర్రా. అసలు పెళ్ళికూతురు ఇడుగో, మొదిరి! వీడికి అమ్మాయిని వెతక్కండి, వీడి కళ్ళెప్పుడూ మగపిల్లల మీదే. ఎవరింట్లోనైనా పెళ్ళికాని కుర్రాడుంటే ఓలి ఆవుల్ని తోలుకురండి, మ్మాసెగో దొడ్డి నిండిపోవాలి!" అని, అంతటితో ఊరుకోకుండా మైకులో "అంబా" అని అరిచాడు.

డేరా డేరా అంతా నవ్వింది. అడుగు తడబడని మొదిరికి అడుగు తడబడింది. వరస వదిలేసి, డేరా వెనక నుంచి, మాంసం కుండల పక్క నుంచి, ఇంటికొచ్చి పడుకున్నాడు.

ఆ రోజు నుంచి ఊరికి ఆవుల జబ్బు పట్టుకుంది. మొదిరి కుళాయి దగ్గరికి బిందె తీసుకెళితే వెనకనుంచి అంబా. బడ్డీకొట్టుకి చక్కెరకి వెళితే అంబా. బస్సు కిటికీలోంచి, ముక్కూ మొహం తెలియనివాడు కూడా అంబా. పిల్లలైతే సరే, పిల్లలు. గడ్డాలూ మీసాలూ వచ్చిన మగాళ్ళు, పెళ్ళాంపిల్లలున్నవాళ్ళు, రోడ్డు పక్క నిలబడి పశువుల్లా అరవడమేమిటండీ! సిగ్గుండొద్దూ?

అక్కడితో ఆగితే బాగుండేది. మా వైపు నిజం ఆవులకీ కొదవ లేదు కదా. రోడ్డు మీద అవే, బడి వాకిట్లో అవే. ఏ ఆవు ఏ మూల అరిచినా మొదిరి చెవులు ఎర్రబడేవి, మెడ భుజాల్లోకి కుంగిపోయేది. ఒకరోజు ఎవరూ చూడకుండా ఊరవతల ఆనకట్ట మీదికి పోయి కూర్చున్నాడు. చాలాసేపు నీళ్ళకేసి చూశాడు. ఎందుకు వెళ్ళాడో వాడికి తెలుసు, ఇంకెవరికీ చెప్పలేదు. అంతలో ఎవరిదో ఎర్రావు నీళ్ళు తాగడానికొచ్చి, వాడి పక్కనే నిలబడి, వాడి మొహంలోకి చూస్తూ తీరిగ్గా అరిచింది. మొదిరికి ఒళ్ళు మండిపోయింది. "నువ్వు కూడానా!" అని లేచి, చెప్పు తీసి దాని మీదికి విసిరి, ఆ చెప్పు కాస్తా నీళ్ళలో పడితే ఒంటి చెప్పుతో తిట్టుకుంటూ ఇంటికొచ్చేశాడు. ఆ ఆవుకి ఊరు రుణపడి ఉంది గానీ ఆ సంగతి ఊరికి తెలియదు.

తర్వాత అడుగులు నేర్పడం మానేశాడు. నీళ్ళకి చీకటి విడవకముందే వెళ్ళొచ్చేవాడు. జొన్న గంజి ముందు పెడితే చెంచాతో గీతలు గీసి లేచిపోయేవాడు. వాళ్ళమ్మ గబొరోన్‌లో కొట్లో పనిచేస్తుంది, నెలకోసారి వస్తుంది. కాబట్టి ఇదంతా చూసింది మ్మాసెగో ఒక్కతే. పెళ్ళినాడు ఆవిడ డేరాలో లేదు, వెనక ఆడవాళ్ళ పాటల గోలలో కుండల దగ్గరుంది. ఎవరో వచ్చి చెప్పారు. అబద్ధపు నింద మోసి బిడ్డ చిక్కిపోతున్నాడని ఆవిడ లెక్క. నింద పోతే బిడ్డ తింటాడు. అంత తేలిక.

మొదిరి లెక్క వేరు. ఖోట్లాకి వెళ్ళాక ఖోసి ఊరుకుంటాడా? అడుగుతాడు. "ఏం బాబూ, నిజమేనా?" అంటాడు. అప్పుడు ఊరందరి ముందూ అబద్ధమాడాలి, లేదా అమ్మమ్మ ముందు నిజం చెప్పాలి. అమ్మమ్మ ముందు నిజం చెప్పడం కంటే ఊరు మొత్తం జీవితాంతం అంబా అన్నా నయమే అనిపించింది వాడికి. ఊరు అరిస్తే చెవులు మూసుకోవచ్చు. అమ్మమ్మ మాట్లాడ్డం మానేస్తే ఏం మూసుకోవాలి?

కాబట్టి ఎలాగైనా ఖోట్లా జరక్కూడదు. ఆలోచించి ఆలోచించి మామయ్య కోటు మీద గురిపెట్టాడు.

దితిరో మామ మ్మాసెగో ఒక్కగానొక్క కొడుకు. మేనల్లుడి తరఫున ఖోట్లాలో మాట్లాడాల్సింది మేనమామే, వేరే దిక్కు లేదు. ఆ మేనమామ ఒంటి మీద కోటు లేకపోతే ఖోట్లాలో కుర్చీ వేయనివ్వరు. దితిరో మామకి ఈ భూమ్మీద ఉన్నది ఒకే ఒక్క కోటు. బుధవారం మధ్యాహ్నం మొదిరి మామ ఇంటికి వెళ్ళి, "మామయ్యా, రేపటికి నీ కోటు ఉతికి ఇస్తాను," అన్నాడు.

"నా బంగారు కొండ!" అని మామ పొంగిపోయాడు. "చూశావుటే, మేనల్లుడంటే అలా ఉండాలి," అని పెళ్ళానికి కూడా చెప్పాడు.

మొదిరి ఆ కోటును తొట్టిలో నానబెట్టి, పైన బండ పెట్టి, వచ్చేశాడు. మా వైపు అక్టోబరంటే ఎండలు మండే నెలే, అయినా అది ఆరే కోటు కాదు. ఇక గురువారం మామ రాడు, మామ లేకపోతే వ్యాజ్యం లేదు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత వాడికి కంటినిండా నిద్ర పట్టింది.

పొద్దున్నే మామ వచ్చాడు.

గులాబీ రంగు కోటేసుకుని వచ్చాడు. అత్త చర్చికి వేసుకునే కోటది. భుజాల దగ్గర బుట్టలు, నడుం దగ్గర బిగింపు, ముందు వరసగా బంగారు రంగు గుండీలు. మామ పొట్ట మీద ఆ గుండీలు ఒకదాన్నొకటి సాయం అడుగుతున్నాయి.

"మామయ్యా, అది అత్త కోటు కదా!"

"కోటంటే కోటే. చేతులున్నాయా లేవా?" అన్నాడు మామ, చేతులెత్తి చూపిస్తూ. చంక దగ్గర చిన్నగా పర్రుమంది. "పద, పద. అమ్మ తిడుతుంది."

మొదిరి దారంతా మామ మీద జనం విరగబడి నవ్వుతారని కాచుకున్నాడు. ఒక్కడు నవ్వితే ఒట్టు. ఖోట్లా వాకిలి దగ్గర కాపలావాడు మామని పైనుంచి కిందిదాకా చూసి, "కోటుంది. పోండి," అన్నాడు. అతని వెనకే ప్యాంటు వేసుకొచ్చిన ఓ బడి పంతులమ్మని మాత్రం, ఆడవాళ్ళకి గౌనే ఉండాలని, ఇంటికి పంపించేశాడు. ఏది ఎవరు తొడుక్కుంటే నవ్వాలో, ఎవరు తొడుక్కుంటే దండం పెట్టాలో ఈ ఊరికి దేవుడే నేర్పాలి.

ఖోట్లా కిటకిటలాడుతోంది. గుంజల దడి పొడుగునా మగవాళ్ళు తెచ్చుకున్న కుర్చీల మీద, ఆడవాళ్ళు చాపల మీద కాళ్ళు చాపుకుని. ముందు వరసలో ముసలాళ్ళు, వాళ్ళలో పెద్దవాడు రాసెట్సో, గడ్డం కర్ర మీద ఆనించి అప్పుడే కునుకు తీస్తున్నాడు. కెబొనాంగ్ కొత్త చొక్కా, కోటు వేసుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఖోసి కళ్ళజోడు తుడుచుకుని, ఎవరు పిలిపించారని అడిగాడు.

మ్మాసెగో లేచి నిలబడింది. గౌను గంజికి చప్పుడు చేసింది. "నేను ఖోసీ! ఈ కెబొనాంగ్ గాడు నా మనవడి మీద..."

"ఏమన్నాడు? అన్నది అన్నట్టు చెప్పాలి. తీసెయ్యకూడదు, కలపకూడదు."

"మీకు తెలీదా ఖోసీ? ఊరంతా అరుస్తోందిగా."

"నాకు తెలిస్తే చాలదమ్మా. ఖోట్లాకి తెలియాలి. నీ చెవుల్తో విన్నావా?"

"నేను కుండల దగ్గరున్నా."

"విననిదానివి కూర్చో తల్లీ. విన్నవాళ్ళని రమ్మను."

మామ లేచాడు. "ఖోసీ, నేను విన్నాను. అంటే, ఆ వేళ నేను విందుకి మాంసం దంచేచోట ఉన్నాను. కాస్త పుచ్చుకుని కూడా ఉన్నాను, అబద్ధమెందుకు. నాకు వినపడింది ఆవులు, ఓలి, దొడ్డి అని. ఎనిమిదావులని అన్నట్టు గుర్తు."

రాసెట్సో కునుకులోంచి లేచాడు. "ఎనిమిదా? ఈ వాడలో ఓలి ఎప్పుడూ ఆరే. ఎనిమిది అడిగేది ఏటవతలి వాళ్ళు."

"మా తాత ఎనిమిదే ఇచ్చాడు," అన్నాడు ఇంకో ముసలాయన.

"మీ తాత ఇచ్చినవాటిలో రెండు గుడ్డివి. ఆరు కిందే లెక్క."

ఇక చూడండి. సగం ఖోట్లా ఆరంది, సగం ఖోట్లా ఎనిమిదంది. గుడ్డావు లెక్కలోకి వస్తుందా రాదా అని వెనక వరసలో ఇద్దరు కోట్లు విప్పుకున్నారు. కోట్లు విప్పితే మాట్లాడే హక్కు పోతుందని కాపలావాడు గుర్తుచేస్తే మళ్ళీ తొడుక్కున్నారు. మొదిరి ఎవరికీ గుర్తు లేడు. వాడికి హాయిగా ఉంది. ఇలాగే పొద్దుగూకితే ఎంత బాగుండు!

ఖోసి చప్పట్లు కొట్టి ఆపాడు. సాక్షుల్ని రమ్మన్నాడు. బడ్డీకొట్టు సెతున్యా లేచింది. పెళ్ళినాడు కుర్చీ మీంచి పడేటంత నవ్విన మనిషి.

"నాకు సరిగ్గా వినపడలేదండీ. స్పీకరు కీచుమంది."

తర్వాత చర్చి పాటలవాడు. "నేనప్పుడే బయటికెళ్ళానండీ." తర్వాత పెళ్ళికొడుకు తమ్ముడు. "ఏదో అన్నాడు, సరదాకేదో అన్నాడు." పెళ్ళినాడు డేరా గుడ్డ ఎగిరిపోయేలా నవ్విన జనానికి ఇవాళ ఒకేసారి చెముడొచ్చింది. నవ్వుకి నోరుంటుంది గానీ సాక్ష్యానికి ఉండదు కాబోలు.

"కెబొనాంగూ, నువ్వేమంటావు?" అన్నాడు ఖోసి.

కెబొనాంగ్ లేచి గుండీ సర్దుకున్నాడు. "నేనా ఖోసీ? పిల్లాడికి పెళ్ళి కావాలని దీవించాను. దీవించడం నేరమైతే నన్ను కొట్టండి."

కొందరు కిసుక్కుమన్నారు. ఖోసి నిట్టూర్చాడు. "విన్నవాడు ఒక్కడూ లేకపోతే ఈ వ్యాజ్యం..."

మొదిరి ఖోసి నోటికేసే చూస్తున్నాడు. అనెయ్యి ఖోసీ, అనెయ్యి. కొట్టేశానను. ఇంకొక్క మాట. అందరం ఇంటికి పోతాం, అమ్మమ్మకి ఎప్పటికీ తెలియదు.

కానీ కెబొనాంగ్‌కి నోరు ఊరుకోదు కదా. గెలిచిన నోరు అసలే ఊరుకోదు. "ముసలమ్మకి వయసైపోయిందండీ," అన్నాడు నవ్వుతూ. "కలలో ఆవులు కనపడి ఉంటాయి. ఇంటికి తీసుకెళ్ళి దొడ్లో పడుకోబెట్టండి, లెక్కపెట్టుకుంటుంది."

నవ్వులు లేచాయి. అప్పుడు వెనకనుంచి ఎవడో, మొహం కనపడకుండా, "అంబా" అన్నాడు.

మ్మాసెగో మీద.

ఆవిడ ఇంకా నిలబడే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ అరుపు వినగానే మెడ భుజాల్లోకి కుంగింది. ఆ కుంగడం మొదిరికి తెలుసు. అది తన మెడ. ఇన్నాళ్ళూ అద్దం చూడకుండా తప్పించుకున్నది అమ్మమ్మ ఒంటి మీద కనపడేసరికి వాడి కాళ్ళు వాటంతటవే లేచి నిలబడ్డాయి.

"నేను విన్నాను ఖోసీ," అన్నాడు.

"చెప్పు. అన్నది అన్నట్టు."

మొదిరి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఎడమ చేతిని నడుం మీద పెట్టి, కుడి చేతిని మైకులా నోటి దగ్గర పట్టి, కెబొనాంగ్ గొంతుతో, కెబొనాంగ్ సాగదీతతో, మాట మధ్యలో వాడు పీల్చే ఆ ముక్కుతో సహా మొదలుపెట్టాడు: "ఆగండాగండి! పెళ్ళికూతురు ఆవిడ కాదర్రా. అసలు పెళ్ళికూతురు ఇడుగో, మొదిరి! వీడికి అమ్మాయిని వెతక్కండి, వీడి కళ్ళెప్పుడూ మగపిల్లల మీదే. ఎవరింట్లోనైనా పెళ్ళికాని కుర్రాడుంటే ఓలి ఆవుల్ని తోలుకురండి, మ్మాసెగో దొడ్డి నిండిపోవాలి!" అన్నది అన్నట్టు చెప్పాలి గనక చివర అంబా కూడా అన్నాడు.

అచ్చుగుద్దినట్టుంది. రాసెట్సో కెబొనాంగ్ కేసి చూసి, మొదిరి కేసి చూసి, "ఇందులో ఎవడు ఎవడ్రా?" అన్నాడు. ఖోట్లా పగలబడి నవ్వింది. ఈసారి నవ్వు తన మీద కాదని మొదిరికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కెబొనాంగ్ చెవులు ఎర్రబడ్డాయి.

"సరే! అన్నాను!" అని అరిచాడు కెబొనాంగ్. "అయితే ఏంటి? అందులో అబద్ధమేముంది? వాణ్ణే అడగండి. నిజం చెబితే తిట్టెలా అవుతుంది?"

"అబద్ధం!" మ్మాసెగో గొంతు ఖోట్లా అవతలికి వినపడింది. "అబద్ధం! నా మనవడు అలాంటివాడు కాదు! నా చేతుల మీద పెరిగినవాడు, నాకు తెలీదా? అబద్ధం! చెప్పు నాన్నా, చెప్పు వాళ్ళకి!"

ఖోసి కళ్ళజోడు తీశాడు. "ఏం బాబూ, అబద్ధమేనా?"

ఒక్క మాట. అవునంటే చాలు. ఊరు నమ్మినా నమ్మకపోయినా అమ్మమ్మ నమ్ముతుంది. మొదిరి నోరు తెరిచాడు. ఆవిడ కళ్ళు వాడి మీదే ఉన్నాయి, గెలవబోతున్న మనిషి కళ్ళు. ఇప్పుడు అబద్ధమాడితే, ఇక బతికినంత కాలం పొద్దున లేచి ఆ కళ్ళ ముందు అదే అబద్ధం ఆడుతూ ఉండాలి.

"అబద్ధం కాదు ఖోసీ," అన్నాడు. "నేను అలాంటివాణ్ణే."

ఖోట్లాలో తలలన్నీ ముసలావిడ వైపు తిరిగాయి. మ్మాసెగో మెల్లగా చాప మీద కూర్చుంది.

"చూశారా!" కెబొనాంగ్ చేతులు చాచాడు. "వాడే ఒప్పుకున్నాడు. ఇంక తిట్టెక్కడ? తప్పెక్కడ?"

అప్పుడు దితిరో మామ లేచాడు. లేవడంలో ఒక బంగారు గుండీ ఎగిరి ఖోట్లా మధ్యనుండే నిప్పు గుంటలో పడింది. ఆయన పట్టించుకోలేదు.

"ఖోసీ! నాకో సందేహం. ఈ కెబొనాంగ్ గాడు నా మేనల్లుడి ఓలి గురించి మైకులో మాట్లాడాడు. అవునా?"

"అవును."

"నేను చచ్చానా?"

ఖోసి మామని ఎగాదిగా చూశాడు. "లేదు."

"మరి మేనమామ బతికుండగా పిల్లాడి పెళ్ళి మాట ఎత్తడానికి వీడెవడండీ? పిల్లాడు అమ్మాయిని చేసుకుంటాడో, అబ్బాయిని చేసుకుంటాడో, అసలే మానేస్తాడో, ఆ మాట ముందు ఎవరి దగ్గరికి రావాలి? నా దగ్గరికి! నా వాకిట్లోకొచ్చి, కింద కూర్చుని, అయ్యా అని అడగాలి! మా అక్క కన్న బిడ్డకి ఎన్నావులో చెప్పేది నేను! వీడు అడిగాడా? నా మొహం చూశాడా? డేరాలో నిలబెట్టి నా మేనల్లుణ్ణి సంతలో దూడలా వేలం వేశాడు!"

ముసలాళ్ళంతా ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు. మొదిరి ఎవర్ని ఇష్టపడతాడన్నది వాళ్ళకి కొత్త సంగతి, దాని గురించి ఏమనుకోవాలో వాళ్ళకింకా తెలీదు. ఇది మాత్రం తెలుసు. పుట్టినప్పట్నుంచీ తెలుసు.

"మేనమామని అడక్కుండానా?" అన్నాడు రాసెట్సో, నమ్మలేనట్టు. "మైకులోనా? ఓరి త్రాష్టుడా!"

"ఇవాళ వీడి మేనల్లుడు, రేపు నా మేనకోడలు," అన్నాడు ఎనిమిదావులాయన. ఆరు, ఎనిమిది తగువు మర్చిపోయి ఖోట్లా అంతా ఒక్కటైంది. ఆడవాళ్ళు నాలుకలు చప్పరించారు. కెబొనాంగ్ ఏదో అనబోయాడు గానీ, మైకు లేకపోతే వాడి గొంతు అంత చిన్నదని ఊరికి ఆ రోజే తెలిసింది.

ఖోసి కళ్ళజోడు పెట్టుకున్నాడు. "కెబొనాంగూ, నీది కాని మాట ఎత్తావు. ఒక మేకని తోలు. అందరి ముందూ తప్పయిందను. ఇంకోమాట," అని కాస్త ఆగి, మొదిరి కేసి చూడకుండా అన్నాడు, "ఆ నిజమా అబద్ధమా అన్న ప్రశ్న. అది నేను అడక్కుండా ఉండాల్సింది. అది కూడా నాది కాని మాటే."

మేక ఎవరికి అంటే మామకే. అవమానం జరిగింది మామకి గదా! తిట్లు తిన్నదీ, తిండి మానేసిందీ మొదిరి, మేక తినేది మామ. ఇదీ న్యాయం. అయినా కెబొనాంగ్ లేచి, నేల చూస్తూ, "తప్పయిందయ్యా మొదిరీ," అన్నప్పుడు మొదిరి మెడ కాస్త పైకి లేచింది. మామ వాడి భుజం మీద చెయ్యేసి చెవిలో అన్నాడు. "నాకు ముందే చెప్పొద్దుట్రా వెధవా? ఎలాంటి సంబంధమో తెలియకుండా నేనెలా బేరమాడతాను?" అని, మళ్ళీ ఏదో గుర్తొచ్చి, "అవునూ, నా కోటేది?" అన్నాడు.

ఇంటికి వెళ్ళేదారిలో మ్మాసెగో ముందు నడుస్తోంది. మొదిరి చాప చంకలో పెట్టుకుని వెనక. ఎండ మాడ్చేస్తోంది. ఆవిడ వెనక్కి తిరగలేదు. అయిపోయిందనుకున్నాడు మొదిరి. ఖోట్లా గెలిచి అమ్మమ్మని పోగొట్టుకున్నాను.

బడి దాటాక ఆవిడ ఆగింది.

"ఎప్పట్నుంచిరా?"

"చిన్నప్పట్నుంచే అమ్మమ్మా."

"అంటే నా ఇంట్లో ఉన్నంత కాలమూ."

"ఊఁ."

"వాడి అబద్ధానికి నువ్వు తిండి మానేశావనుకున్నా. వాడి నోరు మూయిస్తే తింటావనుకున్నా." ఆవిడ ఇటు తిరిగింది. "నీ బెంగ వాడు అన్నాడని కాదు. నాకు తెలుస్తుందని. అంతేనా?"

మొదిరి చాపని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"అడుగుతున్నా చెప్పు. నేనంటే అంత భయమా నీకు?"

లేదని చెప్పొచ్చు. ముసలి ప్రాణం, ఎండలో నిలబడుంది, లేదని చెబితే సంతోషిస్తుంది. కానీ ఆ పొద్దున అబద్ధాలాడే ఓపిక వాడికి అయిపోయింది.

"అవునమ్మమ్మా," అన్నాడు. "ఒకసారి ఆనకట్ట దాకా కూడా వెళ్ళాను."

మ్మాసెగో వాడి మొహంలోకి చూసింది. ఏ ఆనకట్ట, ఎందుకు అని అడగలేదు. నీలం గౌనుతో, ఆ గంజితో, రోడ్డు పక్క దుమ్ములో అలాగే కూలబడి, కాళ్ళు ముందుకి చాపుకుని, పెద్ద గొంతుతో ఏడ్చింది. మొదిరి కంగారుపడి పక్కన చతికిలపడ్డాడు.

"అబద్ధం, అబద్ధం అని అరిచాను గదరా. అంతమందిలో. నేను వాళ్ళ మీద అరిచాను నాన్నా. నీకెలా వినపడిందో ఏమో!"

ఖోట్లా నుంచి జనం తిరిగొస్తున్నారు. సెతున్యా ఆగింది, చర్చి పాటలవాడు ఆగాడు, వాళ్ళ వెనక ఇంకో నలుగురు ఆగి మెడలు సాచారు. మ్మాసెగో కొంగులాంటి తన శాలువాతో మొహం తుడుచుకుని, మొదిరి చెయ్యి గట్టిగా పట్టుకుని, తలెత్తింది.

"ఏం చూస్తున్నారు?" అంది. "నా మనవడితో మాట్లాడుతున్నా. ఇప్పుడే మొదలెట్టాం, చాలాసేపు పడుతుంది. మీరు నడవండి."